ఎడమ చెవి సంగతి

మా షాపులో అద్దం ముందు నిలబడి తల దువ్వుకునేవాళ్ల మీద నాకు చిన్న ఫిర్యాదు ఉంది. సుబేదారిలో రోడ్డు పక్కనే షాపు. బస్సు దిగినవాళ్లు నేరుగా లోపలికి వచ్చి, గోడకున్న నిలువుటద్దంలో జుట్టు సరిచేసుకుంటారు. "కొత్త మోడల్స్ ఏమొచ్చినయ్ అన్నా" అని మర్యాదకు అడిగి, జవాబు వినకుండా వెళ్లిపోతారు. ఇరవై ఏళ్లుగా కళ్లజోళ్ల వ్యాపారంలో ఉన్నాను. వీళ్లలో ఒక్కరికైనా చూపు మందగించకపోవడం నా దురదృష్టం.

ఆ అద్దాన్ని తప్పించుకుని నడిచిన మనిషిని మాత్రం ఒక్కసారే చూశాను. రెండేళ్ల కిందట, దసరా సెలవులు అయిపోయిన వారంలో, లావణ్య. కాలేజీ రోజుల నుంచి కళ్లద్దాలు మా దగ్గరే చేయించుకుంటుంది. ఇప్పుడు మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం. వెంట వాళ్ల నాన్న సమ్మయ్య, నర్సంపేట దగ్గర పత్తి పండించే రైతు. వాళ్లు తండ్రీకూతుళ్లని ఎవరూ చెప్పనక్కర్లేకుండా ఉండేది. నడుమ బొడిపె ఉన్న పొడుగాటి ముక్కు, ఇద్దరికీ ఒకటే అచ్చు. ఈసారి ఆ ముక్కు ఒక్కరికే ఉంది.

"హైదరాబాద్‌ల రైనోప్లాస్టీ చేయించుకున్న అన్నా" అంది. ముక్కు ఆకారం మార్చే ఆపరేషన్ అది. "డాక్టర్ ఇగ అద్దాలు పెట్టుకోవచ్చన్నడు. కానీ ఇవి జారుతున్నయ్. పైగా ఎడమ పక్కకు ఒరుగుతున్నయ్. అంటే ముక్కు వంకర వచ్చినట్టే కదా?"

జారడం వరకు నాకు అర్థమైంది. కళ్లజోడు ముక్కు మీద ఆనే చోటును మేం బ్రిడ్జ్ అంటాం. ఇన్నేళ్లూ జోడును కిందికి రాకుండా పట్టుకున్నది ఆ బొడిపే. దానికి ఎవరూ థాంక్స్ చెప్పినట్టు లేదు.

తేలికపాటి ఫ్రేమ్ ఒకటి తీసి ముందు పెట్టాను. ఆమె దాన్ని పక్కకు జరిపి, ఎప్పుడూ తీసుకునే రకమే తీసింది. నల్లటిది, మందపాటిది, సగం మొహాన్ని కప్పేసేది.

"ఇంకా దాచడానికి ఏముందమ్మా?" అన్నాను.

నవ్వింది. నవ్వుతూ అరచెయ్యి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ముక్కు మారిన కబురు చేతికి ఇంకా చేరలేదు.

స్కూల్లో ఆమెను 'కొడవలి' అనేవాళ్లట. ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆన్ చేసేది కాదట.

"ఆపరేషన్ వాపు తగ్గినంక మస్తు సంతోషమనిపిచ్చింది అన్నా. కెమెరా ఆన్ చేసిన. సెల్ఫీ గుడ దిగిన."

"మరింకేం?"

"ఆఫీసుకు పోతే అందరూ 'హెయిర్ కట్ చేయించుకున్నవా' అన్నరు. ఒక్కలు గుడ ముక్కు ముచ్చట తియ్యలే. అంటే ముందు గుడ ఎవ్వరూ చూడలేదా? లేకుంటే ఇప్పుడు మారలేదా? అప్పటిసంది అద్దంల చూస్తే వంకరనే కనపడుతాంది."

నవ్వు రాబోయింది. ఆమె కళ్లు చూసి ఆపుకున్నాను. చిన్నప్పటి నుంచి మోసిన బరువును అంత కష్టపడి దించుకుంటే, అది ఉన్నట్టు కూడా ఎవరూ గమనించలేదని తెలియడం చిన్న దెబ్బేమీ కాదు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. హైదరాబాద్ క్లినిక్ నుంచి. చేసిన ముక్కును మళ్లీ సరిచేయడాన్ని రివిజన్ అంటారట. సోమవారానికి ఖాయం చేసుకోమంటారా అని అడుగుతున్నారు. "అద్దాలు చూపిచ్చుకొని చెప్తా" అని పెట్టేసింది. అంటే రెండో ఆపరేషన్ నా షాపులో ఒక ఫ్రేమ్ ఒరగడం మీద ఆధారపడి ఉంది. నా వృత్తికి ఇంత గౌరవం అంతకు ముందెప్పుడూ దక్కలేదు.

సమ్మయ్య స్టూలు మీంచి నెమ్మదిగా అన్నాడు. "అన్నం గుడ సరిగ తింటలేదు సారూ. జర మంచిగ చూడుండ్రి."

చూశాను. ఆమె పెట్టుకొచ్చిన ఫ్రేమ్‌ను గాజు బల్ల మీద బోర్లించాను, సమంగానే ఆనింది. ముక్కుకు స్కేలు పెట్టాను, నిటారుగానే ఉంది. అప్పుడు చెవుల వెనక చూశాను.

"ముక్కు లక్షణంగా ఉందమ్మా. నీ ఎడమ చెవే కుడిదానికన్నా రవ్వంత కిందికి ఉంది. కళ్లజోడును చెవులు కూడా మోస్తాయి కదా, ఇన్నాళ్లూ ఆ బొడిపె దాన్ని ఒరగనివ్వలేదు. చాలామందికి చెవులు ఇంతే, నాకూ అంతే."

చెవి మీదికి పోయే కాడను మేం టెంపుల్ అంటాం. రెండు కాడలనూ హీటర్‌లో వేడి చేసి జారకుండా వంచి, ఎడమదాన్ని ఇంకొంచెం దించాను. ఆమెను బతిమాలి అద్దం ముందు నిలబెట్టాను. జోడు తిన్నగా కూర్చుంది. సమస్య తీర్చేశానని నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను. ఆ ముచ్చట ఎక్కువసేపు నిలవలేదు.

ఆమె చెయ్యి ముక్కు మీంచి దిగి, మెల్లగా ఎడమ చెవి మీదికి పోయింది.

"ఎంత కిందికున్నది అన్నా? చూసేటోళ్లకు కనపడుతదా?"

ఆ రోజు నుంచి నేను ఎవరికీ చెవి సంగతి చెప్పను. తప్పంతా ఫ్రేమ్ మీదికి తోసేస్తాను, అది బాధపడదు. ఆపరేషన్‌ను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. ఆమె కెమెరా ఆన్ చేసిన ఆ కొద్ది రోజుల సంతోషం నిజమే. అయితే స్కూల్లో పడ్డ పేరు ముక్కు మీద ఉండిపోలేదు, చూసే కంటిలోకి చేరింది. అక్కడికి సర్జన్ చెయ్యి అందదు, నా లెన్స్ కూడా అందదు. ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆ రోజు మాత్రం "ఏం కనపడదమ్మా" అనడమే చేతనైంది. ఆమె నమ్మలేదు.

ఫోన్ మళ్లీ మోగింది. క్లినిక్కే. ఆమె దాన్ని చేతిలో పట్టుకుని, "చెవులకు గుడ ఏమన్న చేస్తరేమో అడుగుత బాపూ" అంది.

సమ్మయ్య లేచి, తువ్వాల భుజం మీద వేసుకున్నాడు.

"ముక్కు నాదుండె, తీపిచ్చినవ్. నేనేమన్న అన్ననా బిడ్డా? చెవులు మీ అమ్మయి. గిప్పుడు ఇంటికి పోయి దానికేం చెప్పాలె?"