పాలు పూసిన పదకొండు మెట్లు

మా చిన్నప్పుడు... స్వర్ణముఖికి నీళ్లు వచ్చాయంటే చాలు, మా ఇంట్లో పండగే! శ్రీకాళహస్తిలో మాది కలంకారీ ఇల్లు. నాయన గుడ్డల మీద బొమ్మలు వేసేవాడు, అమ్మ వాటిని పారే నీళ్లలో జాడించి తెచ్చేది. అమ్మకు ఆ నది అంటే ప్రాణం.

నదిలోకి దిగడానికి మా వీధి చివర పదకొండు రాతి మెట్లు ఉండేవి... అరిగిపోయి, పాచి పట్టి, చూస్తేనే దిగబుద్ధి కానివి. తడిగుడ్డల బరువుతో అమ్మ ఎక్కి వస్తుంటే నేనూ చెల్లెలు రాణీ ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం.

ఒక ఏడు నది నిండుగా వచ్చింది. ఈసారి అమ్మకు మెట్లు కొత్తగా చేసిపెట్టాలని మా ఇద్దరికీ పుట్టింది బుద్ధి! పాచి గీకాం. కొబ్బరి పీచుతో తోమాం. కింద అంత మంచి రాయి ఉందని మాకే తెలియదు... ఇక అంచులకు తామరపూల వరుస వేస్తే చూడ్డానికి అందం, అమ్మకు అంచు తెలుస్తుంది.

అక్కడే మా తెలివి పనిచేసింది మరి! మా ఇంట్లో ఏ గుడ్డనైనా ముందు కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. ఆ పాల జిడ్డుకు రంగు పాకదు. గుడ్డకైతే ఏంటి, రాయికైతే ఏంటి? నాయన కలిపి పెట్టుకున్న పాలకుండ ఎత్తుకెళ్లి, పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా పూసేశాం. రంగుల కోసం ఇంటికి పరుగెత్తాం.

తిరిగొచ్చేసరికి అమ్మ గుడ్డల మూటతో మెట్లు దిగుతోంది. మేం అరిచేలోపే జర్రున జారింది... మూడు మెట్లు! మోచెయ్యి చీరుకుపోయింది. నాయన నెలరోజులు కూర్చుని వేసిన గుడ్డలున్న మూట మాత్రం రెండు చేతులతో పైకెత్తే పట్టుకుని ఉంది.

"గుడ్డలకు మట్టి అంటినాదేమో సూడండే!" అంది ముందు. తర్వాత అరచెయ్యి వాసన చూసుకుంది. "మెట్లకు ఎనుంపాలు పూసినారా మీరు?"

మేం ఏడుపు అందుకున్నాం. ఆ సాయంత్రం నాయన, "ఇంక నువ్వు ఏటికి పోవద్దు, నేనే పోతా" అనేశాడు. అమ్మ నది వైపు కిటికీ దగ్గరే కూర్చుంది. నాకు అన్నం సయించలేదు.

మూడోరోజు వీధిలో, అరిగిన రోళ్లను ఉలితో గరుకు చేసిపెట్టే ఆమె కేక వినిపించింది... "రోళ్లకు గాట్లు కొడతామమ్మా!" అమ్మ గబగబా బయటికి పోయింది.

"అక్కా, మెట్లకు గాట్లు కొడతావా?"

"మెట్టు మీద పప్పు రుబ్బుతావా ఏందమ్మా?"

"కాదక్కా... నా కాలు నిలబడాల!"

ఆమె నవ్వుతూనే ఉలి తీసింది. టకటకా టకటకా... వీధంతా చేరింది! నాయన సున్నం డబ్బా తెచ్చి మా చేతికిచ్చాడు. మధ్యలో గరుకు గాట్లు, అంచులకు మా తెల్ల తామరలు. మర్నాడు అమ్మ మూటతో నదికి దిగుతుంటే మేం వెనకాల గంతులే గంతులు!

మొన్న ఆ మెట్లు తీసేసి కొత్తవి కట్టారు. పట్టుకోవడానికి కమ్మీ, అంచులకు పసుపు రంగు... ఎంత ముచ్చటగా ఉన్నాయో! అమ్మను తీసుకెళ్లాను. కమ్మీ వైపు చూడనేలేదు. చెప్పులు విడిచి మొదటి మెట్టు పాదంతో తడిమింది.

"గాట్లు ఉండాయే!"

"మిషన్‌తో కొట్టారమ్మా."

"ఆ యక్క కొట్టినట్టు లేవులే," అంటూనే చకచకా దిగిపోయింది... నేను కమ్మీ పట్టుకుని వెనకాల!

ఇప్పుడు మా వీధిలో రోళ్లూ లేవు, గాట్లు కొడతామనే కేకా లేదు. అమ్మ మాత్రం చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి నీళ్లలో నిలబడి, పైనున్న నన్ను పిలుస్తోంది... "దిగవే, ఏం కాదు!"

మీ అమ్మ కాలు ఏ మెట్ల మీద నిలబడిందో, ఎవరు నిలబెట్టారో... మీరూ చెప్పండి.