ఇన్నయ్య బ్లేడు

నరసరావుపేటలోని ఆ జూనియర్ కాలేజీకి ఎంతమంది ప్రిన్సిపాళ్ళు మారినా బోటనీ ల్యాబ్‌లో బ్లేడు మాత్రం ఇన్నయ్యదే. ఉద్యోగం అటెండరు, చదువు ఐదో తరగతి. అయితేనేం, మైక్రోస్కోపు కింద పెట్టడానికి పొద్దుతిరుగుడు కాండాన్ని ఆయన అడ్డంగా కోస్తే ఆ ముక్క నీళ్ళలో ఉందో లేదో తెలిసేది కాదు. పెద్ద చదువుల లెక్చరర్లకు కూడా ఆ పనితనం లేదు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, అందుకే పైకి అనేవాళ్ళు కాదు.

ప్రాక్టికల్ పరీక్షలో ఎవరి ముక్క వాళ్ళే కోసుకోవాలని రూలు. పిల్లల చేతులేమో భయంతో బిగుసుకుపోతాయి. ఇన్నయ్య నీళ్ళు పోసే వంకతో వెళ్ళి, తను కోసిన ముక్కను వాళ్ళ గాజుపళ్ళెంలో జారవిడిచేవాడు. ముప్పై ఏళ్ళుగా ఎన్ని బ్యాచులు అలా గట్టెక్కాయో. తప్పే, కాదనడానికి లేదు.

తల్లి లేని మనవరాలు ఏంజెల్‌ను పెంచింది ఆయనే. పలక పట్టిన నాటి నుంచే దానికి పాఠం చెప్పేవాడు.

"ఆకు ఎండలో అన్నం వొండుద్దమ్మా. దానికి వేరు కాడ్నించి నీళ్ళు తోడే గొట్టాలు లోపలున్నయి. వొండింది మళ్ళీ వేరుకి మోసే గొట్టాలు వాటి పక్కనే. మట్టిలో ఉండే వేరుకి ఎండెక్కడిది, పాపం? మందంగా కోశావనుకో, ఇయ్యేమీ కనపడవు, అంతా నలుపే."

ఏంజెల్ అదే కాలేజీలో బైపీసీలో చేరితే ఇన్నయ్య వీధంతా చెప్పుకున్నాడు. పరీక్షకు నీ ముక్క నేనే కోస్తానని మాటిచ్చాడు.

రెండో సంవత్సరంలో ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. తగ్గే జబ్బు కాదన్నాడు డాక్టరు. ఇంట్లో చెప్పకుండా చేతిని జేబులో దాచుకు తిరిగాడు. ఈ ఒక్క పరీక్షకి ఆగవే అని ఆ చేతిని రోజూ బతిమాలుకునేవాడు.

పరీక్ష రోజు ల్యాబ్ వెనక గదిలో పన్నెండు ముక్కలు కోశాడు. ఒక్కటీ కుదరలేదు. ఉన్నవాటిలో నయమనిపించినదాన్ని కుంచెతో ఎత్తి, తీసుకెళ్ళి ఏంజెల్ పళ్ళెంలో వేశాడు. ఆ పిల్ల ముక్కను చూసింది, వణికే చేతిని చూసింది.

"చానా బాగొచ్చింది తాతయ్యా," అంది మెల్లగా.

ఎగ్జామినరు మైక్రోస్కోపులో చూసి మొహం చిట్లించాడు.

"అంతా నలుపే. ఎవరు కోశారిది?"

"నేనే సార్," అంది ఏంజెల్.

"ఇంత మందంగానా? రెండేళ్ళు ఏం నేర్చుకున్నావ్?" అంటూ మార్కులు కొట్టేశాడు.

మూలన నిలబడ్డ ఇన్నయ్య ఒకడుగు ముందుకేసి ఆగిపోయాడు. నిజం చెబితే పిల్ల కాపీ కింద దొరికిపోతుంది.

సాయంత్రం పళ్ళేలు కడుగుతూ ఏంజెల్ పళ్ళెం దగ్గర ఆగాడు. ఒట్టి నీళ్ళనుకుంటే అందులో ఇంకో ముక్క తేలుతోంది. కళ్ళు చికిలిస్తే గాని ఆనలేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని, దాన్ని ఎలాగో గాజుపలక మీదికెక్కించి మైక్రోస్కోపు కింద పెట్టాడు. నీళ్ళ గొట్టాలూ, అన్నం గొట్టాలూ ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. ఏంజెల్ తనంతట తనే కోసుకున్న ముక్క అది. తాత తెచ్చేసరికి దాన్ని పక్కకు నెట్టేసింది.

ల్యాబ్‌కు తాళం వెయ్యడానికి వచ్చిన బోటనీ లెక్చరరు ఇందిరా మేడం ఆయన ఏడవడం చూసి గాబరా పడింది.

"ఏమైంది ఇన్నయ్యా?"

"మా ఏంజెల్ కోసిందండీ. నాకంటే బాగా కోసింది. ఒక్కసారి చూడండి మేడం. ఆ నల్లముక్క నాది, దానిది కాదు. నేనే యేశాను."

ఆమె వంగి చాలాసేపు చూసింది. తల ఎత్తాక ఆయన మొహంలోకి చూడలేకపోయింది.

"మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించేశాం ఇన్నయ్యా," అంది.