పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటే

జెద్దాలో నేను పనిచేసిన ఇంట్లో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కతే ఉండేది. దానికి ఆరేళ్లు. అది సౌదీ పిల్ల.

నలభై రోజుల పసిగుడ్డుగా ఉన్నప్పుడు దాన్ని నా చేతుల్లో పెట్టారు. వాళ్లమ్మ, అంటే మా మేడం, పళ్ల డాక్టరు. పొద్దున్న ఏడింటికి వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. పాలు పట్టినా, నీళ్లు పోసినా, ఏడిస్తే ఎత్తుకుని ఇల్లంతా తిప్పినా నేనే. అప్పటికి నాకొచ్చిన అరబ్బీ పది మాటలు. రా, పో, తే, కడుగు, అయిపోయింది. ఆ మాటలతో పసిపిల్లనేం లాలిస్తాం? అందుకని మా కోనసీమ మాటల్లోనే వాగేదాన్ని. పిల్లకి అరబ్బీ కంటే ముందు తెలుగొచ్చేసింది. పిన్నీ అని పిలవడం నేనే నేర్పాను. అమ్మా అని పిలిపించుకునే ధైర్యం లేదు, పిలిపించుకోకూడదు కూడా. మేడం మొదట్లో కంగారుపడింది గానీ, తర్వాత చుట్టాలొచ్చినప్పుడల్లా దాన్ని మధ్యలో నిలబెట్టి, "హిందీ మాట్లాడు" అనేది. హిందీ కాదు మేడం, తెలుగు అని ఆరేళ్లు చెప్పాను. వింటేగా!

ఒక శుక్రవారం భోజనాలయ్యాక, నేను బెండకాయలు తరుగుతుంటే మేడం వంటింట్లోకి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆవిడ వంటింట్లో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఏదో ముంచుకొచ్చిందనుకుని కత్తి కింద పెట్టేశాను.

"మేం అమెరికా వెళ్తున్నాం. చికాగో. నా పై చదువుకి నాలుగేళ్లు పడుతుంది," అంది. ఆ తర్వాత నా మొహం చూసి, "నువ్వూ వస్తున్నావు. నువ్వు లేకపోతే అది ముద్ద ముట్టదు," అంది.

అమెరికా మీద నాకు మోజు లేదు, ఒట్టు. చికాగో ఎటువైపుందో కూడా నాకు తెలీదు. నాకు కావలసింది ఒక్కటే, పిల్ల ఎక్కడుంటే అక్కడ నేనుండాలి. మా ఊళ్లో నా కోసం గుమ్మంలో నిలబడేవాళ్లెవరూ లేరు. అమ్మ పోయింది. కట్టుకున్నవాడు ఇంకొకదాన్ని తెచ్చుకున్నాడు. ఈ పిల్ల విమానమెక్కి వెళ్లిపోతే, పొద్దున్న లేచి ఎవరితో మాట్లాడాలి? ఆ భయం అప్పుడే పట్టుకుంది నన్ను.

ఇక మా ప్రయాణం ఏర్పాట్లు చూడాలి! చికాగోలో మంచు కురుస్తుందని పిల్లకి స్కూల్లో ఎవరో చెప్పారు. మంచంటే దానికి తెలిసింది ఫ్రీజర్ ఒక్కటే. రోజూ స్కూలు నుంచి రాగానే ఫ్రీజర్ తలుపు తెరిచి, ఇద్దరం అందులో మొహాలు పెట్టి నిలబడేవాళ్లం. ఎవరు ఎక్కువసేపు ఓర్చుకుంటే వాళ్లు చికాగోలో గెలిచినట్టు.

"పిన్నీ, చేపల కంపు కొడతంది. చికాగో కూడా ఇలాగే ఉంటాదా?"

"అక్కడ ఇంకా పెద్ద చేపలుంటాయే. ముక్కు మూసుకో."

నాకో కోటు కూడా కొన్నారు. చేతులు పొడుగైతే, షరఫియాలో మనవాళ్ల కొట్లున్న సందులో ఒక దర్జీ దగ్గరికి తీసుకెళ్లాను. తెలంగాణ అబ్బాయి. బయట ఎండ మాడ్చేస్తోంది. కోటు చూసి నోరెళ్లబెట్టాడు.

"గీ ఎండల గిదేం కోటక్కా? పానం మంచిగుందా?"

"అమెరికా వెళ్తన్నాను తమ్ముడూ."

"అబ్బో! బతికితివి పో అక్కా!" అని చేతులు కురచ చేసి, ఊడిపోతున్న గుండీ కూడా ఊరికే కుట్టిపెట్టాడు. ఆ రోజంతా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

వీసా కాగితాలు నింపడానికి ఓ సాయంత్రం మేడం తన బీరువా లాకర్ తీసి పాస్‌పోర్టులన్నీ మంచం మీద పరిచింది. వాళ్లవి ఆకుపచ్చవి మూడు, నాది నీలంది ఒకటి. నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను.

"పిన్నీ, నీది మా అమ్మ బీరువాలో ఎందుకుంది?" అంది పిల్ల.

"పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటే మనం వాళ్ల దగ్గరే ఉండాలి మరి," అన్నాను, మడత మీంచి చూపు తిప్పకుండానే.

ఎగతాళికీ అనలేదు, ఉక్రోషంతోనూ అనలేదు. ఇళ్లల్లో పనికొచ్చిన మా ఆడవాళ్లం ఉప్పుడబ్బా ఎక్కడుందో అడగడానికి ముందే పాస్‌పోర్టు ఇచ్చేస్తాం. యజమానులు అలా తీసుకోకూడదని చట్టం ఉందట. ఉంటే ఉండనీ, చట్టం వచ్చి నా గదిలో పడుకుంటుందా? మేడం చెడ్డ మనిషి కాదు. తన బంగారం పక్కన నా పాస్‌పోర్టు పెట్టుకుంది. నా దగ్గరుంటే ఎక్కడ పారేసుకుందునో అని నేనూ నిశ్చింతగా ఉండేదాన్ని.

కానీ వీసా ఆఫీసులో అలా చెప్పకూడదట. పనిమనిషిని ఎలా చూసుకుంటున్నారో అక్కడ గుచ్చి గుచ్చి అడుగుతారని ఎవరో చెప్పారు. దాంతో ఇంట్లో నాకు పాఠం మొదలైంది. మేడం భర్త సోఫాలో ఆఫీసర్‌లా కూర్చునేవాడు. ఎన్ని గంటలు పనిచేస్తావు? ఎనిమిది. నాకు నవ్వాగేది కాదు. సెలవు? వారానికొక రోజు. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది? నా దగ్గరే ఉంటుంది సార్. పిల్లకి కూడా అంతా కంఠతా వచ్చేసింది. అన్నం తింటూ వేలు చూపించి, "పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటాది?" అని గద్దించేది. "నా దగ్గరేనండి బాబూ," అని దండం పెడితే పడీపడీ నవ్వేది.

వీసా ఆఫీసుకి వెళ్లిన రోజు కారు దిగగానే మేడం నా పాస్‌పోర్టు నా చేతికిచ్చింది. ఆరేళ్ల తర్వాత పట్టుకున్నాను దాన్ని. ఫోటోలో ఎవరో బెదురుచూపుల ఆడది ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు దాన్ని చూసి తిరిగిచ్చారు. లోపలికెళ్లి కుర్చీల్లో కూర్చున్నాం. నన్ను విడిగా పిలిచారు. మేడం వెనక కుర్చీలోంచి, భయపడకు అన్నట్టు తలూపింది. కిటికీ అవతల ఒక ఆఫీసర్, పక్కన హిందీలో అడగడానికి ఒకావిడ.

"పాస్‌పోర్ట్," అంది ఆవిడ.

నేను వెనక్కి తిరిగి, "మేడం, పాస్‌పోర్ట్!" అని కేకేశాను.

ఇందాక గేటు దాటగానే అలవాటు కొద్దీ దాన్ని మేడం చేతిలో పెట్టేశానన్నమాట. పెట్టినట్టు నాకూ తెలీదు, తీసుకున్నట్టు ఆవిడకీ తెలీదు. ఆరేళ్లుగా కాగితం ఏదొచ్చినా నా చెయ్యి అటే వెళ్తుంది. మేడం మొహం పాలిపోయింది. లేచొచ్చి ఇచ్చి, గబగబా వెళ్లి కూర్చుంది.

ఆ ఆఫీసర్ పేజీలు తిప్పాడు. పని గంటలు అడిగాడు, ఎనిమిదన్నాను. సెలవడిగాడు, చెప్పాను. ఆ తర్వాత, "మీ పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది?" అని ఆవిడ అడిగింది.

"నా దగ్గరే ఉంటుంది సార్," అన్నాను. ఛీ, నా నోరు పడిపోను! అంత బాగా నేర్చుకున్నానాయె.

ఆయన తలెత్తి చూశాడు. ఆవిడ నన్ను చూసి, నా భుజం మీదుగా మేడంని చూసింది. ఆ పైన ఏమడిగారో, నేనేం చెప్పానో సరిగ్గా గుర్తులేదు. పిల్ల గురించి చెప్పబోయాను. నేను పెంచానండీ, నాతో తెలుగు మాట్లాడుతుందండీ అని. అవి వాళ్ల కాగితంలో లేవు. వీసా ఇవ్వలేమని చెప్పి ఆయన పాస్‌పోర్టు నా చేతికిచ్చాడు. "ఇది మీ దగ్గరే పెట్టుకోండి. మీ మంచికే చెబుతున్నారు," అంది ఆవిడ. నిజంగా నా మంచి కోరే అన్నారు. కానీ నాకు మాత్రం ఆ కిటికీ పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది.

వాళ్ల ముగ్గురికీ వీసాలొచ్చాయి. కారెక్కగానే పాస్‌పోర్టు మేడంకి అందించాను. ఆవిడ దాన్ని నా ఒళ్లోనే తిరిగి పెట్టి, "ఖలాస్. ఇక నీ దగ్గరే ఉంచుకో," అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పిన్నికెందుకివ్వలేదు?" అంది పిల్ల.

"నా పాస్‌పోర్టు అమ్మ దగ్గరుందనే," అన్నాను. ఇంటికొచ్చాక నా గదిలో పాస్‌పోర్టుని దిండు కింద పెట్టి, మళ్లీ తీసి, పెట్టెలో చీరల అడుగున దాస్తుంటే పిల్ల గుమ్మంలో నిలబడి చూసింది.

వాళ్లు వెళ్లే రోజు పిల్ల ఏడవలేదు. నేనే సిగ్గులేకుండా విమానాశ్రయంలో నలుగురి మధ్యా ఏడ్చాను. అది నా బుగ్గలు తుడిచి, "ఏడవకు పిన్నీ, నువ్వూ వచ్చేత్తావు," అంది. చిన్నపిల్ల, ఏదో ఓదారుస్తోందనుకున్నాను.

నన్ను బురైదాలో మేడం వాళ్లమ్మ ఇంటికి పంపారు. ఊరి చుట్టూ ఖర్జూరం తోటలు, ఇంట్లో పెద్దావిడ, నేను. ఆవిడ రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. బురైదాలో చలికాలం ఇంత చలి ఉంటుందని నాకు తెలీదు. చికాగో కోటు వేసుకుని పెరట్లో బట్టలు ఆరేసేదాన్ని. తెలుగు నోట్లోంచి వచ్చి ఎన్ని రోజులైందో. ఒకసారి పాలు పొంగిపోతే "అయ్యయ్యో" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. పొయ్యి ఆపి అక్కడే కూలబడి ఏడ్చాను.

వచ్చిన మొదటి రోజే, మళ్లీ అదే అలవాటు, పాస్‌పోర్టు పెద్దావిడకి ఇచ్చేద్దామని పెట్టె తీశాను. చీరల అడుగున లేదు. ఒక్కొక్క చీరా దులిపాను, కోటు జేబులు తిరగేశాను. లేదంటే లేదు. ఎవరికి చెప్పాలి? అంతమంది జాగ్రత్త చెప్పి చేతికిస్తే పారేసుకున్నానంటే ఎవరు నమ్ముతారు? భయంతో పది రోజులు నోరు మెదపలేదు.

ఒక సాయంత్రం మేడం వీడియో కాల్ చేసింది. అక్కడ పొద్దున్న.

"నీ పాస్‌పోర్టు నీ దగ్గరుందా?" అంది.

నేనేదో ఒకటి చెప్పేలోపే ఆవిడ నీలం పుస్తకం ఒకటి పైకెత్తి చూపించింది. పిల్ల స్కూలు బ్యాగులో, రంగుల పుస్తకాల కింద దొరికిందట. పిల్ల ఎగిరి ఆ పుస్తకం, ఫోను రెండూ లాక్కుని పరుగెత్తింది. గోడలు, తలుపు, కిటికీ అన్నీ ఊగిపోయాయి. కిటికీ బయట తెల్లగా ఉంది.

"పిన్నీ, మంచు చూడు! చేపల కంపు లేదు!"

"నా తల్లే! బాగున్నావా? అన్నం తింటన్నావా?"

"నువ్వెప్పుడొత్తావు? నీ పాస్‌పోర్టు నా దగ్గరే ఉందిగా. నేనెవరికీ ఇవ్వలేదు. అమ్మకి కూడా చెప్పలేదు. ఎవరి దగ్గరుంటే నువ్వు వాళ్ల దగ్గరే ఉండాలి కదా!"

కొంగు నోట్లో కుక్కుకున్నాను. మేడం దాని చేతిలోంచి ఫోను తీసుకుంది. ఆవిడకి మా మాటలు అర్థం కాలేదు.

"చెప్పకుండా తీసింది. ఈ రోజే కొరియర్ చేస్తాను. అది నీ దగ్గరే ఉండాలి," అంది.

"వద్దు మేడం," అన్నాను. "దాని దగ్గరే ఉండనివ్వండి."

"ఎన్ని రోజులు?"

"దానికి తెలుగు గుర్తున్నన్ని రోజులు," అన్నాను.