ఫిన్నీ మాస్టారు ఎప్పుడో రాసేసిన కథ

పాతపట్నంలో ఎవరు ఏ కథ చెప్పినా, దాన్ని ఫిన్నీ మాస్టారు అప్పటికే రాసేసి ఉంటారు.

సినిమా కథ కావచ్చు, టీవీ సీరియల్ కావచ్చు, పక్కింటివాళ్ల మేక తప్పిపోయిన వైనం కావచ్చు. చెప్పేవాడు సగానికి వచ్చేసరికి మాస్టారు కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, "ఇది నేనెప్పుడో రాసీసేనయ్యా" అనేవారు.

"ఏదీ, ఒకసారి సూపించండి మాస్టారూ!"

"ట్రంకుపెట్టిలో ఉండీది. వంశధార వరదకి పోనాది."

మాస్టారు కుర్రతనంలో శ్రీముఖలింగం బళ్లో పనిచేశారు. ఆ రోజుల్లో వరదొచ్చి ఆయన అద్దెగది మునిగిన మాట వాస్తవమే. ట్రంకుపెట్టె సంగతి మాత్రం ఎవరూ నమ్మేవారు కాదు. ప్రింటింగ్ ప్రెస్సు విజయ్‌కుమార్ అయితే బొత్తిగా నమ్మేవాడు కాదు. మాస్టారు రాసేశానన్న కథలన్నీ పట్టాలంటే ఆ పెట్టె గూడ్సు బండంత ఉండాలి. అదంతా కొట్టుకుపోయి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసిందంటే, అక్కడి చేపలకి ఈపాటికి సాహిత్యం మీద మంచి పట్టు వచ్చి ఉండాలి.

విజయ్‌కుమార్ తాతల నాటి కిరాణా కొట్టు తమ్ముడికి వదిలేసి ప్రెస్సు పెట్టుకున్న మనిషి. మాస్టారి దగ్గర చదువుకున్నవాడు. మాస్టారు సొంత ఖర్చుతో వేసుకున్న పుస్తకాలన్నీ అతని ప్రెస్సులోనే అచ్చయ్యాయి. చాలావరకు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఒక కట్ట కటింగ్ మిషన్ కాలు కింద ఎత్తు సరిచేస్తూ ఎంతో సేవ చేస్తోంది.

మాస్టారితో సినిమాకి వెళ్లడం ఒక పరీక్ష. ఇంటర్వెల్‌కి ముందే లేచి నిలబడి, "వీడు ఆ పోలీసోడికి తమ్ముడని తేలతాది, సూడండి. ఇది నేనెప్పుడో రాసీసేను" అని హాలంతా వినిపించేలా చెప్పేవారు. తీరా సినిమా అయ్యేసరికి ఎవడూ ఎవడికీ తమ్ముడని తేలేది కాదు. మాస్టారు చెక్కు చెదిరేవారు కాదు. "నా కథ సెడగొట్టీసేరు" అని బాధపడుతూ బయటికి వచ్చేవారు.

చర్చిలోనూ అంతే. ఒక ఆదివారం పాస్టరు గారు తప్పిపోయిన కుమారుడి ఉపమానం చెబుతుండగా, మాస్టారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. పక్క వరసలోంచి భార్య కృపారాణి గారు కళ్లెర్రజేశారు.

"అది లూకా గారు రాసేరు. నోరు మూసుకుని కూసోండి."

విజయ్‌కుమార్‌కి అన్నిటికంటే ఒళ్లు మండిన సందర్భం ఒకటుంది. కంప్యూటర్లొచ్చి, అచ్చు అక్షరాల కాలం పోయి, ప్రెస్సు మూతపడే దశకొచ్చింది. ఒక మధ్యాహ్నం అతను గెడ్డం మాసి, సీసం అక్షరాల పెట్టెల మధ్య తలపట్టుక్కూర్చుని ఉంటే మాస్టారు వచ్చారు. అంతా విన్నారు. కళ్లజోడు తుడిచారు.

"ఒరే విజయ్, ఇది నేను రాసీసేనురా."

"ఏటి రాసీసేరు మాస్టారూ? నా కొంప మునిగిపోతంటే!"

"అచ్చాపీసు వాడి కథ. వాడూ నీలాగే గెడ్డం పెంచీసేడు. ఆనక కంప్యూటర్ తెచ్చేడు. ముగింపు బావుంటాది."

"వాడికి కంప్యూటర్ ఎవుడు నేర్పేడు?"

"వాడి పెళ్లాం."

ఆ మాట గుమ్మంలో నిలబడ్డ విజయ్‌కుమార్ భార్య సూర్యకాంతం చెవిన పడింది. పదో తరగతితో చదువు ఆపేసిన ఆవిడ శ్రీకాకుళం బస్సెక్కి కంప్యూటర్ నేర్చుకునొచ్చింది. ప్రెస్సు నిలబడింది. చాలా కాలం తర్వాత గానీ విజయ్‌కుమార్‌కి తట్టలేదు. వరదొచ్చిన నాటికి ఈ చుట్టుపక్కల కంప్యూటర్ అన్న మాటే లేదు. మరి ఆ కథ మాస్టారు ఎలా రాశారు? అడుగుదామనుకున్నాడు. పెళ్లిళ్ల సీజను వచ్చి శుభలేఖల హడావిడిలో మరిచిపోయాడు.

ఇలా ఉండగా కిందటేడు ఒక వింత జరిగింది.

విజయ్‌కుమార్ కూతురు సింధు తెలుగు ఎం.ఏ. చదువుతోంది. ఉత్తరాంధ్ర పాత పత్రికల మీద ఏదో ప్రాజెక్టు ఇచ్చారు. విజయనగరంలో ఒక పెద్దాయన ఇంటి మేడ మీద ఎప్పుడో ఆగిపోయిన మాసపత్రికలు తిరగేస్తూ తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా! మాస్టారి కథ దొరికింది!"

"ఏ కథ?"

"నిజం కథ నాన్నా. అచ్చయిన కథ! వాట్సాప్‌లో పెడతన్నాను, సూడు."

విజయ్‌కుమార్ ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. కథ పేరు 'గంట'. కింద 'ఎస్. ఫిన్నీ, శ్రీముఖలింగం' అని స్పష్టంగా ఉంది. నిలబడే చదివాడు.

ఒక పల్లెటూరి పెళ్లి. పెళ్లికూతురికి నర్సు చదువు మీద ఆశ. పెళ్లికొడుకేమో తమ ఇంటి ఆడది సూది పట్టడానికి వీల్లేదని తేల్చేశాడు. పెళ్లి వేళకి ఆ పిల్ల, ఒక్క క్షణం ఒంటరిగా ప్రార్థన చేసుకుంటానని చర్చిలోకి వెళ్లి, గంట తాడు పట్టుకుని ఆపకుండా లాగింది. ఆ ఊళ్లో గంట ఆగకుండా మోగితే ఇల్లు కాలుతోందని అర్థం. పెళ్లిజనమంతా ఎవరి పాకలకి వాళ్లు పరిగెత్తారు. దండ మెడలో ఉండగానే అందరికంటే ముందు పరిగెత్తినవాడు పెళ్లికొడుకు. వాడిది ఆ ఊరు కూడా కాదు! జనం తిరిగొచ్చేసరికి పెళ్లికూతురు బస్సెక్కేసింది. దారి పొడుగునా ఏడ్చి ఏడ్చి, ఊరు కనుమరుగయ్యాక కళ్లు తుడుచుకుని ముందుకు చూసింది. అక్కడితో కథ అయిపోతుంది.

విజయ్‌కుమార్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. చివరి వాక్యం రెండుసార్లు చదివాడు. ఇన్నేళ్లూ తను వెక్కిరించిన మనిషి ఇంత బాగా రాశాడా? పుస్తకంగా వేసి, సభ పెట్టి, ఊరందరి నోళ్లూ మూయించాలని అప్పటికప్పుడు నిశ్చయించుకుని, కాగితాలు ప్రింటు తీసి మాస్టారింటికి పరిగెత్తాడు.

మాస్టారు మొత్తం చదివారు. కళ్లజోడు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు. టీ గ్లాసులతో వచ్చిన కృపారాణి గారు, విజయ్‌కుమారూ ఆ మాట కోసం ఎదురుచూశారు.

"ఇది నేను రాయలేదురా."

కృపారాణి గారు గ్లాసులు కింద పెట్టి మొగుడి నుదురు మీద చెయ్యేసి చూశారు.

"ఏటండీ, జొరం ఏటన్నా వచ్చిందా?"

"మీ పేరుంది మాస్టారూ!"

"ఇంకో ఫిన్నీ అయ్యుంతాడు."

"ముఖలింగంలోనా?"

"ఆ ఊరేటి నా ఒక్కడిదేనా? ఒరే, నా మాట విను. దాన్ని అచ్చెయ్యకు."

విజయ్‌కుమార్ కోపంగా ఇంటికి వచ్చేశాడు. లోకంలోని కథలన్నీ తనవేనన్న మనిషి, తీరా నిజంగా తనదైన ఒక్క కథా తనది కాదంటాడేమిటి? ఊళ్లో సంగతి పాకింది. టీకొట్టు దగ్గర జనం మాస్టారిని పరీక్షించడానికి సినిమా కథలు చెప్పారు. ఆయన విని, "ఊఁ, బావుంది" అని లేచి వెళ్లిపోయారు. ఊరు బెంగపెట్టుకుంది. మందుల షాపు గిరిబాబు బీపీ చూపించుకోమన్నాడు.

అచ్చెయ్యొద్దన్నా విజయ్‌కుమార్ చేతులూరుకోలేదు. కథని కంపోజ్ చేసి, ప్రూఫులు తీసి టేబులు మీద పెట్టుకున్నాడు. అవి అలా ఉండగా ఏసమ్మ గారు వచ్చారు.

ఏసమ్మ గారు మిషన్ ఆసుపత్రిలో పెద్ద నర్సుగా చేసి రిటైరయ్యారు. ఊళ్లో ఆవిడ సూది పడని పిల్లాడు లేడు. ఇప్పుడు స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. చర్చిలో పెళ్లి కుదిరిన ప్రతి ఆడపిల్లా ఆవిడ దగ్గర కూర్చుని బుద్ధులు చెప్పించుకోవాల్సిందే. మొదటి పాఠం, భర్త మాటకి ఎదురాడరాదు. ఆవిడ భర్త బతికున్నన్నాళ్లూ ఆవిడ మాటకి ఎదురాడిన పాపాన పోలేదు. అది వేరే విషయం.

సమాజం వార్షికోత్సవం కరపత్రాలు వేయించడానికి వచ్చిన ఆవిడ, టేబులు మీది ప్రూఫులు చేతిలోకి తీసుకున్నారు. విజయ్‌కుమార్ వాటి కోసం చెయ్యి చాపాడు. పెళ్లికూతురు పారిపోయే కథ! అదీ ఈవిడ చేతిలో!

"అది పాత కథమ్మా, ఊరికే..."

"ఉండ్రా."

నిలబడే చివరిదాకా చదివారు. నెమ్మదిగా బల్ల మీద కూర్చున్నారు.

"ఎవుడు రాసేడు?"

"ఫిన్నీ మాస్టారి పేరుందమ్మా. ఆయనేమో కాదంతన్నారు."

"ఎందుకు కాదంతన్నాడో నాకు తెలుసు. బండి తియ్యి."

డెబ్భై దాటిన ఏసమ్మ గారు స్కూటర్ వెనక కూర్చుని బజారులోంచి వెళ్తుంటే జనం కొట్లలోంచి బయటికొచ్చి చూశారు. ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకున్నారు.

మాస్టారు వసారాలో పేపరు చదువుకుంటున్నారు. ఆవిణ్ని చూడగానే లేచి లోపలికి నడిచారు.

"ఆగు ఫిన్నీ!"

మాస్టారు అన్న మాట లేకుండా ఆయన్ని పిలిచినవాళ్లు ఆ ఊళ్లో లేరు. ఆగిపోయారు.

"ఇది రాసింది నువ్వే కదా?"

"కాదండి, ఇంకో ఫిన్నీ ఎవరో..."

"టెక్కలి నుంచి శ్రీకాకుళం దాకా నీ ట్రంకుపెట్టి మీద కూసుని వచ్చేను. బస్సులో సీటు లేదు. దాని గొళ్లెం గుచ్చుకుని నా పెళ్లికోక సిరిగిపోనాది. నాకాడ అబద్ధాలాడతావేటి?"

"అంటే ట్రంకుపెట్టి నిజమేనా!" అని కేకపెట్టాడు విజయ్‌కుమార్.

"నువ్వుండ్రా!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

వంటింట్లోంచి వచ్చిన కృపారాణి గారు గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయారు. ఏసమ్మ గారు ఆవిడవైపు తిరిగారు.

"గంట కొట్టిన పిల్లని నేనేనమ్మా. ఎవుర్తీ సెయ్యని పని సేసీసేను, నా బతుకేటౌతాదోనని బెంబేలెత్తిపోనాను. మీ ఆయన అప్పటికి మీసం సరిగ్గా రాని కుర్రోడు. కొత్త ఉద్యోగానికి ముఖలింగం ఎల్తన్నాడు. ఏటన్నాడో తెలుసా? 'ఈ కథ నేనెప్పుడో రాసీసేనండి. ముగింపు బావుంటాది' అన్నాడు. సివరికి ఆ పిల్ల ఏటౌతాది బాబూ అనడిగేను. 'పెద్ద నర్సవుతాది. ఆవిణ్ని సూస్తే ఊరంతా హడలిపోతాది' అన్నాడు."

కృపారాణి గారు మొగుడి వంక చూశారు. "అప్పటికే రాసీసేరా మీరు?"

మాస్టారు తలొంచుకున్నారు. "లేదు. ముఖలింగంలో దిగీక రాసేను. రాయకపోతే ఆవిడకి సెప్పింది అబద్ధం అయిపోతాది కదా."

విజయ్‌కుమార్‌కి కంప్యూటర్ కథ గుర్తొచ్చింది. ఇంటర్ తప్పి అన్నం మానేసిన ఎల్లాజీ కూతురికి మాస్టారు చెప్పిన 'ఎప్పుడో రాసీసిన' కథ గుర్తొచ్చింది. భర్త పోయాక టిఫిన్ బండి పెట్టుకోవడానికి జంకిన లక్ష్మణమ్మకి చెప్పింది గుర్తొచ్చింది. అవన్నీ ముగింపు బాగుండే కథలే. వాటిలో వరదకి పోయినవి ఎన్నో, మాస్టారు అప్పటికప్పుడు అల్లినవి ఎన్నో!

"మరి సినిమాలకి కూడా ఎందుకంతారు మాస్టారూ?"

"అలవాటైపోనాదిరా" అన్నారు మాస్టారు సిగ్గుపడుతూ.

"ఇన్నేళ్లు ఒకే ఊళ్లో ఉన్నాం. తెలిసినట్టు ఒక్క మాటన్నా అనలేదేం?" అన్నారు ఏసమ్మ గారు.

"మీరు మర్సిపోనారనుకున్నానండి. నలుగురికీ బుద్ధులు సెప్పే మనిషి. నా పేరు కోసం మీ పరువు బజార్న పెట్టీమంటారా?"

"నా పరువు సంగతి నేను సూసుకుంతాను. అచ్చెయ్యరా విజయ్! అయితే ఇందులో ఒక తప్పున్నాది. బస్సులో నేను ఏడిసేనని రాసేడు. నేను ఏడవలేదు. ఉడికిన సెనక్కాయలు తిన్నాను. పెళ్లికూతురని పొద్దుట్నుంచి ఎవుడూ ముద్ద పెట్టలేదు."

"తిన్నారు. తింటా ఏడిసేరండి."

"ఏడవలేదు!"

వాదన గంటసేపు సాగింది. చివరికి కృపారాణి గారు రాజీ కుదిర్చారు. పుస్తకంలో ఆ పిల్ల శనక్కాయలు తింటుంది, కళ్లు మాత్రం ఎర్రగా ఉంటాయి. ఎందుకో రచయిత చెప్పడు.

చర్చి పక్క హాల్లో సభ జరిగింది. సింధు కథ చదివి వినిపించింది. పెళ్లికొడుకు పరుగు దగ్గర హాలంతా ఘొల్లుమంది. చదవడం అవగానే ఏసమ్మ గారు లేచి, "ఈ పిల్లని నేనే" అన్నారు. అంతే. జనం తమకే ఇంజెక్షన్ వెయ్యబోతున్నట్టు ఊపిరి బిగపట్టారు. ముందు వరసలో ఒక ముసలామె చప్పట్లు మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆడవాళ్ల వైపునుంచి లేచిన చప్పట్లకి ఫ్యాన్ల చప్పుడు వినపడలేదు.

మాస్టారిని మాట్లాడమన్నారు. ఊరందరికీ తెలిసిన వక్త. ఆ రోజు మైకు పట్టుకుని, ముందు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ముగింపు, నేను రాసినదానికంటే ఆవిడే బాగా రాసేరు" అని చెప్పి కూర్చున్నారు.

పుస్తకాలన్నీ ఆ సాయంత్రమే చెల్లిపోయాయి. కటింగ్ మిషన్ కాలు కిందికి ఒక్కటీ మిగల్లేదు.

ఇప్పుడు ఏసమ్మ గారి దగ్గరికి బుద్ధులు చెప్పించుకోవడానికి వచ్చే ప్రతి పెళ్లికూతురూ ముందు ఆ పుస్తకం చదవాలి. మొదటి పాఠం మారింది. మొన్న దీవెన అనే పిల్ల అది చదివి, బి.ఎడ్. అయ్యాకే పెళ్లని పెళ్లికొడుకుతో చెప్పింది. ఆ కుర్రాడు మంచివాడు. చర్చి గంట వైపు ఒకసారి చూసి, వెంటనే సరేనన్నాడు.

పాస్టరు గారు మాత్రం జాగ్రత్తపరుడు. పెళ్లిరోజుల్లో గంట తాడు అందకుండా ఎత్తుగా కట్టించడం మొదలుపెట్టారు.

ఏసమ్మ గారు అది చూశారు. ఆ మరుసటి ఆదివారం చర్చికి ఒక స్టూలు విరాళం ఇచ్చారు.