అరుగు మీది ఫోను

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు నన్ను కట్టంగూర్ వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా వేశారు. ఏఎన్ఎంల పని చూడటం, పై ఆఫీసుకు నివేదిక పంపడం నా బాధ్యత. ఆ ఏడే బీపీ రోగుల కోసం ఒక మొబైల్ యాప్ దిగింది. సాయంత్రం అది మోగుతుంది. రోగి గోలీ మింగి, ‘వేసుకున్నాను’ అన్న మీట నొక్కితే తెర పచ్చబడుతుంది. నొక్కేదాకా మోత ఆగదు. దీన్ని మా శాఖలో రోగి సహకారం అంటారు.

చాలా ఊళ్లలో నెల తిరక్కుండానే జనం యాప్ తీసేశారు. ఒక వాడలో మాత్రం ఎవరూ మానలేదు. కారణం చూసి రమ్మంటే వెళ్లాను. అక్కడ అందరి పేర్లనూ కూలిపనికి పోయే యాదమ్మ ఫోనులోనే ఎక్కించింది ఏఎన్ఎం. మోగగానే యాదమ్మ తన అరుగు మీద నుంచి కేకేసేది. పత్తి ఏరి వచ్చినవాళ్లు చెంబులతో, గోలీలతో చేరేవాళ్లు. అందరికన్నా చివర ఆటో నడిపే సత్తయ్య. అతనికి అప్పటికే ఒకసారి మూతి వంకరపోయి సర్దుకుంది. గోలీ మానితే ఈసారి చెయ్యి పడిపోతుందని డాక్టరు చెప్పి ఉన్నాడు.

“ఓ సత్తయ్యా, జర జల్ది రా! మల్ల మూతి వంకరైతే ‘నకిరేకల్, నకిరేకల్’ అని ఎట్ల పిలుస్తవ్? సవారీలు భయపడి బస్సెక్కుతరు.”

“వస్తున్న వదినా, పానం తియ్యకు.”

“పానం తీసేది నేను గాదు, బీపీ. ఏదీ, నోరు తెర్వు.”

మింగాడని చూశాకే ఆమె మీట నొక్కేది.

నేను మెచ్చుకుంటూ నివేదిక రాశాను. ఫలితం వెంటనే వచ్చింది. ఒకే ఫోనులో అంతమంది ఉండటం నిబంధనలకు విరుద్ధమట, ఎవరి ఫోనులో వారికే యాప్ వేయాలట. వేశాం. అరుగు ఖాళీ అయింది. నెమ్మదిగా ఒక్కొక్కరే జారుకున్నారు. సత్తయ్య తెర మాత్రం రోజూ పచ్చగానే ఉండేది. పై ఆఫీసు సంతోషించి, అతన్ని ఆదర్శ వినియోగదారుగా ఎంపిక చేసి శాలువా కప్పమంది. ఆ కబురు చెబుదామని వెళ్తే మనిషి నల్లగొండ దవాఖానలో ఉన్నాడన్నారు. అక్కడికి పోయి చూశాను. ఎడమ చెయ్యి లేవడం లేదు.

రోజూ నొక్కినవు గదా అని అడిగాను.

“నొక్కిన సార్. నొక్కకపోతె అది ఊకోదు గద. సవారీల ముంగట ఒకటే లొల్లి.”

“మరి గోలీ?”

“గోలీ లొల్లి చెయ్యదు సార్.”

చూడవచ్చిన యాదమ్మ మంచం పక్కనే కూర్చుని ఉంది. “నా అరుగు కాడికొస్తె నోరు తెరిపిస్తుంటి. మీరేమో ఎవరి ఫోను వాళ్లకు పంచితిరి,” అంది. నేను సంచిలోంచి ఉత్తర్వు ప్రతి తీసి చూపించాను.

శాలువా ఇంకో ఊరి వినియోగదారుకు కప్పారు.

మీట నొక్కించడానికి యాప్ మోత సరిపోతుంది. గోలీ గొంతు దిగాలంటే మాత్రం నోరు తెరిపించి చూసే మనిషి కావాలి. నేను రిటైరయ్యే నాటికి ఆ పోస్టు మా శాఖలో మంజూరు కాలేదు.