పెంకుటిళ్లుగా కనబడిన మిరపకాయలు

మా ఎకరం చుట్టూ వెంచర్ వేసినప్పటి నుంచి నేను మిరపకాయలు వాళ్ల సిమెంటు రోడ్ల మీదే ఎండబోస్తున్నాను. ప్లాట్లు కొన్నవాళ్లు రాళ్లు పాతించుకుని వెళ్లారు, ఒక్కరూ ఇల్లు కట్టలేదు. రోడ్డు ఊరికే పడి ఉంది. పొలంలో కల్లం చేస్తే ఆ మేర పంట నేల పోతుంది, పైగా కింద పరవడానికి బరకాలు కొనాలి. సిమెంటు మీదైతే అడుగునుంచి కూడా వేడి తగిలి కాయ తొందరగా ఎండుతుంది. కాపలావాడు మొదట్లో గొణిగాడు. పచ్చడికి సరిపడా కాయలు ఇంటికి పంపాక మానుకున్నాడు. నన్ను చూసి దూరపు పొలాల వాళ్లూ ట్రాక్టర్లలో తెచ్చి పోయసాగారు. ఎండాకాలం వస్తే ఆ రోడ్లన్నీ ఎర్రగా ఉంటాయి.

ఈ ఏడు తాలుకాయలు ఏరుతుంటే ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. పట్నం ఎంత పెరిగిందో ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో చూసి లెక్కగట్టే పనట. ఏది పొలమో ఏది ఇల్లో కంప్యూటరు చెబుతుందట. అది చెప్పింది నిజమో కాదో మనిషి వచ్చి చూసుకోవాలట.

"అమ్మమ్మగారూ, ఇక్కడ పెంకుటిళ్లు ఉండాలండి. కూల్చేశారా?"

"ఎండ తగిలిందా ఏమ్మా నీకు? నేను కాపరానికొచ్చినప్పటి నుంచీ ఇక్కడ కోళ్లగూడు కూడా లేదు."

ఆమె ఫోను చూపించింది. కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని చూశాను. తెల్లటి రోడ్ల మీద ఎర్రటి పట్టీలు, వరసగా, వీధిలో ఇళ్లలాగే ఉన్నాయి.

"ఇవి నా కాయలమ్మా."

ఆ అమ్మాయి నవ్వింది. "కంప్యూటరుకి ఘాటు తెలీదు కదండీ" అంటూనే తుమ్మింది.

పాత ఫోటోలు కూడా వేలితో ఒక్కొక్కటే జరిపి చూపించింది. ఏ పొలం ఎవరు ఎందుకు అమ్ముకున్నారో నాకు తెలుసు. ఒక్కోటి పోవడానికి ఏళ్లు పట్టింది. ఫోనులో ఇట్టే పోయాయి. చివరి ఫోటోలో మా ఎకరం బొట్టుబిళ్లంత పచ్చగా మిగిలింది.

"ఈ లెక్క ఎవరికిస్తారు?"

"చాలామందికండి. కాలవల ఆఫీసుకి కూడా పోద్ది. ఇళ్లొచ్చేసిన చోట పిల్లకాలవలు పూడ్చి రోడ్లేస్తారంట."

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. మా ఎకరానికి నీళ్లు వచ్చేది ఆ పిల్లకాలువ నుంచే. ఇక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. కాలువ పోతే మిరప లేదు, పత్తీ లేదు. బరకాల డబ్బు మిగుల్చుకుంటున్నాననుకుంటూ నా నీళ్లకు నేనే ఎసరు పెట్టుకున్నాను.

"ఇళ్లు కాదు, మిరపకాయలని రాయమ్మా."

"రాస్తానండి. కానీ ప్లాట్లని ప్లాట్లనే రాయాలి కదా."

"అబద్ధం రాయమన్నానా? ఉన్నదే రాయి. నా ఎకరం పొలమని కూడా రాయి."

"అదీ రాస్తానండి."

"ఒక్క ఎకరానికి నీళ్లొదులుతారా?"

"అది నా చేతిలో లేదమ్మమ్మగారూ" అంది తల వంచుకుని.

"మళ్లీ ఎప్పుడు తీస్తారు ఫోటో?"

"తీస్తానే ఉంటారండి. మబ్బు లేకపోతే చాలు."

పోతూ పోతూ గుప్పెడు కాయలు అడిగింది. మంచివే ఏరి ఇచ్చాను. సంచి లేదంటే చున్నీలో కట్టుకోమన్నాను.

ఆ సాయంత్రమే కాయలన్నీ పొలంలోకి మోయించాను. బరకాలు కొనక తప్పలేదు. మిగిలినవాళ్లకూ చెప్పి చూశాను. "పైనుంచి ఎవడో చూస్తాడని మేం మోసుకెళ్లాలా పిన్నీ? నీ పిల్లకాలవతో మాకేం పని?" అన్నాడు పైఊరి రైతు. వాళ్ల పొలాలకు నీళ్లు వేరే కాలువ నుంచి వస్తాయి. వాళ్ల కాయలు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి.

నీళ్లు వదిలే రోజులు ఇంకా రాలేదు. పిల్లకాలువ నిండా జమ్ము మొలిచింది, పక్కన నిలబడ్డవాళ్లకే కాలువని తెలియడం లేదు, ఇక ఫోటోలో ఏం తెలుస్తుంది. పొద్దున్నే ఎండ ఎక్కకముందు పీట, కొడవలి తీసుకుని వెళ్తున్నాను. మోకాళ్లు వంగవు కాబట్టి పీట మీద కూర్చుని అందినంత మేర కోసి, పీట జరుపుకుంటున్నాను. ఇంకా సగం పైనే ఉంది.