మా వీధి మాజీ కాజీగారు

మొన్న రాజోలు సెంటర్లో బస్సు కోసం నిలబడి ఉంటే, ఎదురు మేడ మీద ఒక పెయింటరు నిచ్చెనెక్కి ‘ప్రభుత్వ కాజీ’ అన్న అక్షరాలు అలాగే ఉంచి, వాటి కింద పేరు మాత్రం గీకేస్తున్నాడు. ప్రభుత్వం మళ్లీ మారింది కదా, కాజీని కూడా మార్చారన్నమాట. గీకిన పెచ్చులు గాలికి కింద పకోడీల బండి మీద పడుతుంటే బండివాడు పైకి చూసి, “దిగిపోయినోళ్లంతా నా మూకుట్లోనే పడాలా అండీ” అని విసుక్కున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కాజీ బాబాయిగారు గుర్తొచ్చారు. దాంతో ఆ నవ్వు కాస్తా పోయింది.

బాబాయిగారంటే మాకు చుట్టరికమేమీ లేదు. వాళ్లిల్లూ మా ఇల్లూ ఒకే వీధిలో ఎదురుబొదురు. ఆదివారం నేను చర్చికీ, శుక్రవారం ఆయన మసీదుకీ, మిగతా రోజుల్లో ఇద్దరం శాఖా గ్రంథాలయానికీ వెళ్లేవాళ్లం. నేను ఏడో తరగతితో బడి మానేసి కుట్టుమిషను పట్టుకున్నదాన్ని. అయినా ఆ గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఆయన పేపరు చదివేవారు, నేను తక్కినవన్నీ చదివేదాన్ని. ఆయనది తెల్లటి షేర్వాణీ, దూరం నుంచే తెలిసే అత్తరు, చంకలో మొహరు పెట్టె, అంటే సర్కారు ముద్ర పెట్టె. నికా, అంటే వాళ్ల పెళ్లి, చదివించి మొహరు వేసే పెద్దని కాజీ అంటారు. ఆ పెద్దరికం వాళ్లింట్లో తాతల నాటి నుంచీ ఉన్నదే, కానీ ఇచ్చేదీ తీసేదీ ప్రభుత్వం. కువైట్, దుబాయ్ వెళ్లే కుర్రాళ్లు భార్యల్ని తీసుకెళ్లాలంటే ఆ మొహరున్న కాగితం చూపించాలి. అందుకని మా కోనసీమలో ఎంత ఆస్తిపరుడైనా పిల్ల పెళ్లి కుదిరాక ముందు బాబాయిగారి అరుగు దగ్గర చెప్పులు విడిచేవాడు.

ఆయన మంచివారని రాస్తే అబద్ధం రాసినట్టే. ఒకసారి గోదారికి వరదొచ్చి, ఏటి మధ్య లంకకి జనాన్ని దాటించే పంటు ఆగిపోయింది. లంకలో పెళ్లి ముహూర్తం దాటిపోతుందని అక్కడి మసీదులో నమాజు చదివించే ముసలి మౌల్వీగారు తనే నికా చదివేశారు. ఏడాది తిరిగేసరికి ఆ పెళ్లికొడుక్కి గల్ఫులో పని దొరికి, కాగితం కోసం బాబాయిగారి దగ్గరికి వచ్చారు. అప్పుడాయన ఆ పెళ్లి చెల్లదన్నారు. మొగుడినీ పెళ్లాన్నీ మళ్లీ కూర్చోబెట్టి, ఒళ్లో పాలుతాగే బిడ్డ ఉండగా మొదటి నుంచీ నికా చదివించారు. మౌల్వీగారిని పిలిపించి వాకిట్లో నిలబెట్టారు. వరద వల్లనండీ అని ఆ ముసలాయన ఏదో చెప్పబోతే, “గోదారి వరదకి సర్కారు మునగదండి” అన్నారు. అరుగు మీదున్న వాళ్లందరూ నవ్వేరు. ఆ మౌల్వీగారు తరవాత లంక వదిలి ఎటో వెళ్లిపోయారని విన్నాను.

ఆ సర్కారే మారింది. కొత్త జీవో వచ్చింది. బాబాయిగారి స్థానంలో అమలాపురంలో జెరాక్సు షాపు ఉన్న ఒక నడివయసాయన్ని వేశారు. తహసీల్దారాఫీసు మనిషి వచ్చి మొహరు పట్టుకెళ్లాడు. మర్నాటి నుంచీ ఆ అరుగు ముందు చెప్పులు లేవు. టీకొట్టు దగ్గర “మాజీ కాజీగారూ, రండి, ఖాళీయేగా” అని పిలవడం మొదలెట్టారు. అలా పిలిచిన వాళ్లలో ఆయన పెళ్లి చేసినవాళ్లే ఎక్కువ. ఆయన ‘ఆయ్’ అనేసి టీ తాగేవారు. కొత్తాయన ప్రస్తావన వస్తే మాత్రం ‘ఆ జెరాక్సు మనిషి’ అనేవారు, అంతకు మించి ఒక్క ముక్క కూడా పెంచేవారు కాదు.

ఆయనకి ఒక్క మనవరాలు. తండ్రి చిన్నప్పుడే పోతే ఆయనే పెంచారు. నీ నికా నేనే చదువుతానని తాతని దాదా అని పిలిచే ఆ పిల్లకి పాలపళ్ల నాటి నుంచీ చెబుతూ వచ్చారు. అంతమంది పెళ్లిళ్లు చదివినవాడికి మిగిలిన ఆశ అదొక్కటే. సంబంధం కువైట్ కుర్రాడితో కుదిరింది. అప్పుడు నేను గ్రంథాలయంలో కింది అరలో బ్రిటిషువాళ్ల నాటి చట్టాల పుస్తకం పట్టుకున్నాను. నికాకి ప్రభుత్వ కాజీ ఉండి తీరాలని అందులో లేదు, ఎవరైనా చదవొచ్చు. గొప్ప నిధి దొరికినట్టు పరుగెత్తుకెళ్లి బాబాయిగారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, “ఆ ముక్క నాకు ఎప్పట్నించో తెలుసమ్మా” అన్నారు. లంక మౌల్వీగారి సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చిందనుకుంటాను.

పెళ్లికొడుకు తండ్రికి కూడా ఆ చట్టం చెప్పి చూశాను. ఆయన మర్యాదగానే విన్నారు. “మీరు చదివింది నిజవే అయ్యుంటాదండి. ఎంబసీ కిటికీ దగ్గర నిలబడేది మీ పుస్తకం కాదు కదండీ, మా అబ్బాయి.” పోనీ పెద్దాయన చదువుతారు, మీరు మొహరు వేయండని పిల్ల వైపువాళ్లు కొత్తాయన్ని బతిమాలారు. “ఒక నికా ఇద్దరు చదవరండి. ఆయన చదివితే మొహరు కూడా ఆయన్నే కొట్టమనండి” అన్నాడట. చెప్పినవాళ్లు అది కూడా నవ్వుతూనే చెప్పారు.

పెళ్లినాడు, బట్టలు కుట్టినదాన్ని కాబట్టి, నేను లోపల పెళ్లికూతురి పక్కనే ఉన్నాను. బయట నికా చదివే ముందు, ఒక పెద్దమనిషి సాక్షులతో వచ్చి తెర అవతల నుంచి పిల్ల సమ్మతి అడగడం వాళ్ల ఆచారం. పిల్ల ఊఁ అంటేనే పెళ్లి. మేనమామ వచ్చి అడిగాడు. పిల్ల తల వంచుకునే ఉంది, గొంతు మాత్రం వంచలేదు. “మా దాదా చదివితేనే” అంది.

మేనమామ మళ్లీ అడిగాడు. అదే జవాబు. బయట కొత్తాయన, తనకి కొత్తపేటలో ఇంకో నికా ఉందని లేచాడు. పెళ్లికొడుకు తండ్రి అందరికీ వినపడేట్టే, మావాడికి పిల్లలు దొరక్క కాదు, సెలవు దొరక్కే ఇబ్బంది అన్నాడు. పెళ్లికూతురికి తోటికోడలి వరసయ్యే ఆవిడ ఒకతె, తాతకి పోయిన పదవి మనవరాలు తెచ్చి పెడతదంట అని నా చెవి దగ్గరే అంది.

అప్పుడు అత్తరు వాసన వచ్చింది. తెర కింద బాబాయిగారి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. వయసుకి ఉబ్బిన పాదాలు. పిల్ల చిన్నగా “దాదా” అంది. తాతని రప్పించి గెలిచాననుకుంది పాపం, ముఖం వెలిగింది.

“ఊఁ అనమ్మా. కాజీగారు తొందరలో ఉన్నారు.”

జెరాక్సు మనిషిని ఆయన కాజీగారనడం నేను వినడం అదే మొదలు. పిల్ల నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగాయి. తరవాత ఊఁ అంది. ఆ పాదాలు వెనక్కి తిరిగి, జనం ఎటు జరగమంటే అటు జరుగుతూ, వెనక వరసలోకి వెళ్లిపోయాయి. కాలం మనిషి కుర్చీని ఊరికే లాక్కుపోదు, ఆ కుర్చీ ఇప్పుడెవరిదో మన ప్రాణం లాంటి వాళ్ల ముందు మన చేతే చెప్పించి మరీ పోతుంది.